ప్రెస్పా ఒడ్డున బడి గురించి ఎవరూ అడగడం లేదు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల బాల్కన్ సరస్సుల మీద వచ్చిన యాత్రా వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మూడు దేశాల సరిహద్దులు ఒకే నీటి మీద కలుసుకునే ప్రెస్పా సరస్సు అందాన్ని రచయిత చక్కగా వర్ణించారు. 2018లో ఆ ఒడ్డునే కుదిరిన ఒప్పందంతో గ్రీసుకూ మాసిడోనియాకూ (నేటి ఉత్తర మాసిడోనియా) మధ్య ‘మాసిడోనియా’ అన్న దేశం పేరు మీద దశాబ్దాలుగా సాగిన వివాదం ముగిసిపోయిందని కూడా రాశారు. రెండు ప్రభుత్వాల మధ్య వివాదం వరకు ఆ మాట నిజమే. అయితే ఆ సరస్సు పడమటి ఒడ్డున, అల్బేనియా భూభాగంలో, స్లావిక్ భాష మాట్లాడుకుంటూ తరతరాలుగా బతుకుతున్న పుస్తెత్స్ అనే ఊరి ప్రస్తావన ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. పేరు వివాదం ఆ ఊరిలో ముగియలేదు. దేశాన్ని ఏ పేరుతో పిలవాలన్న తగువు తీరినా, అక్కడి మనుషులను ఏ పేరుతో లెక్కించాలన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది, ఆ తగువు కింద పడి పిల్లల చదువు సంగతి మరుగున పడుతోంది. ఈ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తీసుకురావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. పెద్ద ప్రెస్పా సరస్సు సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున, సుమారు 260 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం ఉత్తర మాసిడోనియాకు చెందుతుంది, మిగిలినది అల్బేనియా, గ్రీసులకు చెందుతుంది. దక్షిణాన దానిని ఆనుకుని ఉన్న చిన్న ప్రెస్పా అధిక భాగం గ్రీసులో ఉండగా, ఒక కొస మాత్రం అల్బేనియాలోకి చొచ్చుకు వస్తుంది. అల్బేనియా వైపు ఒడ్డునా, దాని వెనుక కొండ పాదాల్లోనూ ఉన్న తొమ్మిది ఊళ్లు కలిసి పుస్తెత్స్ పురపాలక ప్రాంతంగా ఏర్పడ్డాయి. 2011 జనగణన ప్రకారం ఆ తొమ్మిది ఊళ్ల జనాభా మొత్తం 3,290. మన లెక్కలో అది ఒక మోస్తరు పంచాయతీ జనాభా. పుస్తెత్స్‌కు ఎదురుగా నీటి మధ్యలో మాలి గ్రాద్ అనే చిన్న దీవి ఉంది. ఆ దీవి రాతి గుహలో కేసర్ నోవాక్ అనే స్థానిక ప్రభువు 1369లో చిత్రాలు వేయించిన మేరీ మాత గుడి నేటికీ నిలిచి ఉంది, గుడి ముఖభాగంలో ఆ ప్రభువూ అతని కుటుంబమూ చిత్రాల్లో కనిపిస్తారు. ఊళ్లలో చేపల వేట, కొద్దిపాటి సేద్యం, పశువులు జీవనాధారం. ఈ సరస్సులో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టని ఒక చిన్న చేపను పట్టి ఎండబెట్టి చలికాలానికి దాచుకోవడం మూడు దేశాల ఒడ్లలోనూ ఉన్న అలవాటు.

ఈ ఊళ్లవారు మాట్లాడే భాష దక్షిణ స్లావిక్ కుటుంబానికి చెందినది, సరస్సుకు ఉత్తరాన రెసెన్ పట్టణంలో వినిపించే మాటకు చాలా దగ్గరగా ఉంటుంది. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలోని పండితులు దానిని మాసిడోనియన్ మాండలికం అంటారు, బల్గేరియా రాజధాని సోఫియాలోని పండితులు బల్గేరియన్ మాండలికం అంటారు. పదో శతాబ్దం చివర చిన్న ప్రెస్పాలోని దీవి మీద సెయింట్ అకిలియస్ పేర పెద్ద గుడి కట్టించిన సామ్యూల్ చక్రవర్తి విషయంలోనూ ఇదే తీరు, రెండు దేశాలూ ఆయనను తమవాడనే చెప్పుకుంటాయి. ఈ చర్చలో ఒక పక్షం వహించే అర్హత నాకు లేదు, ఆ అవసరమూ ఈ లేఖకు లేదు. ఆ ఊరి తల్లి తన బిడ్డతో ఇంట్లో మాట్లాడే భాష ఒకటే అన్న సంగతిలో మాత్రం రెండు పక్షాలకూ భేదం లేదు, నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో ఈ ఊళ్లలో మాసిడోనియన్ మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు మొదలయ్యాయి. నేటి ఉత్తర మాసిడోనియా అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా వైపు నుంచి ఉపాధ్యాయులు కూడా వచ్చారు. 1948లో యుగోస్లావియా నేత టీటోకూ సోవియట్ నేత స్టాలిన్‌కూ తెగతెంపులు కావడంతో అల్బేనియా యుగోస్లావియాకు శత్రువైంది, సరిహద్దు మూతపడింది, అదే సరస్సు అవతలి ఒడ్డున ఉన్న బంధువులను చూడాలన్నా వీలు లేని కాలం దాపురించింది. అల్బేనియా కమ్యూనిస్టు అధినేత ఎన్వర్ హోజా పాలనలో అంతవరకు ఉన్న కాస్త ప్రాథమిక విద్య పూర్తిగా పోలేదు గాని, మిగతా విషయాల్లో ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. 1967లో మతాచరణ మొత్తం నిషేధానికి గురైంది. 1973లో పుస్తెత్స్ పేరు లిచెనాస్‌గా మారింది. 1975లో మనుషుల పేర్ల మీద కూడా ఆజ్ఞ వచ్చింది, తగనివని ప్రభుత్వం తలచిన పేర్లను మార్చుకోవలసి వచ్చింది. ఊరికి దాని పాత పేరు అధికారికంగా తిరిగి దక్కడానికి 2013 వరకు ఆగవలసి వచ్చింది, అంటే మధ్యలో నలభై ఏళ్లు గడిచాయి.

అయినా ఇక్కడ అల్బేనియాకు దక్కవలసిన న్యాయం దక్కాలి. సరస్సు దక్షిణ ఒడ్డున గ్రీసు వైపు ఉన్న ఊళ్లతో పోల్చి చూస్తే, పుస్తెత్స్ ఎంతో మెరుగైన స్థితిలో ఉంది. మీ వ్యాసంలో ప్రస్తావించిన ఒప్పందం మీద 2018 జూన్ 17న ఇద్దరు విదేశాంగ మంత్రులు, నికోస్ కోత్సియాస్, నికోలా దిమిత్రోవ్, సంతకాలు చేసినది ప్సరాదెస్ అనే చేపల పల్లెలో. ఆ పల్లె కూడా స్లావిక్ భాష మాట్లాడే ఊరే. దాని పాత పేరు నివిత్సి, 1920ల చివరలో గ్రీకు ప్రభుత్వం ఉత్తర ప్రాంతపు ఊళ్ల పేర్లను మూకుమ్మడిగా మార్చినప్పుడు దానికి ఇప్పటి పేరు వచ్చింది. 1936లో అధికారం చేజిక్కించుకున్న మెటాక్సాస్ నియంతృత్వంలో స్లావిక్ భాష మాట్లాడడమే శిక్షార్హమైంది. తరువాత 1946 నుంచి 1949 వరకు సాగిన అంతర్యుద్ధంలో ప్రెస్పా ప్రాంతం కమ్యూనిస్టు సేనలకు ఆఖరి స్థావరాల్లో ఒకటి. ఉత్తర గ్రీసు నుంచి 1948లో వేలాది మంది పిల్లలను సరిహద్దులు దాటించి తూర్పు ఐరోపా దేశాలకు పంపారు, వారిలో స్లావిక్ భాషీయుల పిల్లలు చాలామంది. యుద్ధం ముగిశాక ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 1982లో గ్రీకు ప్రభుత్వం రాజకీయ శరణార్థులు తిరిగి రావచ్చని ప్రకటించినప్పుడు కూడా, జాతిరీత్యా గ్రీకులైన వారికి మాత్రమే ఆ అవకాశం ఇచ్చింది. తాము పుట్టిన ఇంటికి తిరిగి వెళ్లడానికి తమ జాతి ఏదో రుజువు చేసుకోవలసి రావడం కంటే క్రూరమైన నిబంధన నాకు తోచడం లేదు.

నేటికీ గ్రీసు ఈ ప్రజలను మైనారిటీగా గుర్తించదు. జాతీయ మైనారిటీల రక్షణ కోసం ఐరోపా మండలి రూపొందించిన ఒడంబడిక మీద 1997లో సంతకం చేసింది గాని, ఇప్పటికీ ఆమోదించలేదు. అదే ఒడంబడికను అల్బేనియా 1999లోనే ఆమోదించింది. ప్రపంచం కళ్లన్నీ ప్సరాదెస్ మీద ఉన్న ఆ ఒక్క రోజున, ఆ ఊరి భాష మాట ఎవరి ప్రసంగంలోనైనా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒప్పందం ఏడో అధికరణం మాసిడోనియన్ భాష దక్షిణ స్లావిక్ కుటుంబానికి చెందినదని జాగ్రత్తగా నమోదు చేసింది. ఆ భాషను గ్రీసు గడ్డ మీద మాట్లాడేవారి గురించి మాత్రం ఎక్కడా నోరు మెదపలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అల్బేనియా 2017లో జాతీయ మైనారిటీల రక్షణకు ఒక చట్టం చేసి తొమ్మిది మైనారిటీలను గుర్తించింది. గ్రీకులు, మాసిడోనియన్లు మొదలైన వారితో పాటు బల్గేరియన్లు కూడా మొదటిసారిగా ఆ జాబితాలో చేరారు. అంతకుముందు 2011 జనగణనలో దేశం మొత్తం మీద 5,512 మంది తమను మాసిడోనియన్లుగా నమోదు చేసుకున్నారు. ఆ జనగణనలోనే జాతి గురించి పౌర నమోదు పత్రాలకు విరుద్ధంగా చెప్పినవారికి జరిమానా అన్న నిబంధన పెట్టడం వల్ల పెద్ద దుమారం రేగింది, దేశంలో దాదాపు 14 శాతం మంది ఆ ప్రశ్నకు జవాబే ఇవ్వలేదు. 2023 జనగణన వచ్చేసరికి బొమ్మ తిరగబడింది. మాసిడోనియన్లుగా నమోదైనవారు 2,281 మందికి తగ్గారు, బల్గేరియన్లుగా నమోదైనవారు 7,057 మంది తేలారు. ఇవి దేశవ్యాప్త అంకెలు. ప్రెస్పాతో పాటు గోలో బ్రదో, గోరా ప్రాంతాల్లోని స్లావిక్ భాషీయులైన ముస్లింలు కూడా వీటిలో కలిసి ఉన్నారు, కాబట్టి పుస్తెత్స్ ఒక్కదాని గురించి వీటిని బట్టి తీర్పు చెప్పడం తగదు.

ఈ అంకెలు వెలువడగానే సోఫియాలో కొందరు దానిని విజయంగా చాటుకున్నారు, స్కోప్యేలో కొందరు దానిని కుట్ర అన్నారు. మార్పుకు కారణాలు వెతకడం కష్టం కాదు. 2007లో బల్గేరియా ఐరోపా సమాఖ్యలో చేరింది. బల్గేరియన్ మూలం ఉన్నట్లు చూపించుకోగలిగిన వారికి ఆ దేశపు పౌరసత్వం దొరుకుతుంది, ఆ పాస్‌పోర్టు ఉంటే జర్మనీలోనో ఇటలీలోనో చట్టబద్ధంగా పని చేసుకోవచ్చు. 2011లో 28 లక్షలకు పైగా ఉన్న అల్బేనియా జనాభా 2023 నాటికి 24 లక్షలకు పడిపోయింది. పని కోసం ఇంతమంది ఊళ్లు విడిచిపోతున్న దేశంలో, పాస్‌పోర్టుకు దారి చూపే పేరును ఎంచుకున్న వారిని స్వార్థపరులని నిందించడానికి నాకు మనసు రాదు. మరికొందరు నిజంగానే తాము బల్గేరియన్లమని నమ్మి ఉండవచ్చు, అది కూడా వారి హక్కే. ఎవరు ఎవరో చెప్పవలసినది వారే, చుట్టుపక్కల రాజధానులు కాదు.

నా బాధ అంతా ఆ ఎంపిక మీద చదువు ఆధారపడి ఉండడం గురించి. 2017 చట్టం ప్రకారం స్థానిక కార్యాలయాల్లో మైనారిటీ భాష వాడకానికీ, ఊరి పేర్ల పలకలకూ ఆ మైనారిటీ వారు స్థానిక జనాభాలో 20 శాతం మించి ఉండడం ఒక ప్రమాణం. ఇప్పుడు ఒకే ఊరిలో, ఒకే వీధిలో, ఒకే భాష మాట్లాడే రెండు ఇళ్లలో ఒకరు ఒక పేరుతోనూ మరొకరు ఇంకో పేరుతోనూ నమోదైతే ఆ శాతాలు ఎలా లెక్కిస్తారు? బడిలో ఏ ప్రామాణిక భాషలో పుస్తకాలు ఇస్తారు? ఒక ఇంటి బిడ్డకు స్కోప్యే లిపి సంప్రదాయం, పక్కింటి బిడ్డకు సోఫియా సంప్రదాయం అని విడదీస్తే, ఇంత తక్కువ మంది ఉన్న ప్రాంతంలో తరగతి నిలుస్తుందా? రెండు బడులు పెట్టాలని పట్టుబడితే చివరికి రెండూ మిగలవు. పైగా పుస్తెత్స్ పురపాలక పరిధికి వెలుపల ఉన్న వారి గతి ఇంకా కష్టం. బిలిష్ట్ పట్టణం దగ్గర గ్రీసు సరిహద్దున ఉన్న వర్బ్నిక్ వంటి ఊరిలోనూ ఇదే భాష మాట్లాడతారు, కాని ప్రభుత్వ బడిలో మాతృభాష బోధన చాలా కాలంగా పుస్తెత్స్ గీతకు లోపలే ఉండిపోయింది. చట్టం వచ్చిన తరువాత దానిని అమలు చేయడానికి కావలసిన నిబంధనల రచన కూడా ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ప్రాంతీయ, మైనారిటీ భాషల కోసం ఐరోపా మండలి ప్రత్యేకంగా రూపొందించిన పత్రాన్ని అల్బేనియా నేటికీ ఆమోదించలేదు. ఆ పత్రం హక్కును జాతి పేరుకు కాక భాషకు ముడిపెడుతుంది. పుస్తెత్స్‌కు కావలసినది సరిగ్గా అదే.

ఈ ఆలోచన నాకు దూరపు దేశాల గురించి చదివి వచ్చినది కాదు. నేను హోసూరు ప్రాంతపు తెలుగువాణ్ణి. 1953లో భాష ప్రాతిపదికన మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు గీతకు ఇవతల మిగిలిపోయిన లక్షలాది కుటుంబాల్లో మాది ఒకటి. మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమని ప్రతి రాష్ట్రాన్నీ కోరుతుంది. అక్కడ రాజ్యాంగం చూసేది ఆ బిడ్డ మాతృభాష ఏదన్న ఒక్కటే, ఆ కుటుంబం తన కులాన్ని, ప్రాంతాన్ని, విధేయతను ఏమని చెప్పుకుంటుందో దానికి అవసరం లేదు. ఆచరణలో ఉపాధ్యాయులు దొరకకపోవడం, పుస్తకాలు సమయానికి అందకపోవడం, ఉన్నత తరగతుల్లో అవకాశం కుంచించుకుపోవడం వంటి లోపాలు మాకు బాగా తెలుసు. అయినా అడగడానికి చేతిలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం భాష గురించి మాట్లాడుతుంది కాబట్టే, తెలుగు మాట్లాడే ఇళ్లలో ఎవరు తమను ఏమని పిలుచుకున్నా అందరూ కలిసి దానిని పట్టుకోగలిగారు.

భాష నిలవాలంటే ఊరు నిలవాలి, ఊరు నిలవాలంటే సరస్సు నిలవాలి, కాబట్టి నీటి గురించి కూడా చెప్పక తప్పదు. పెద్ద ప్రెస్పాకు భూమి మీద పారే కాలువ ఏదీ బయటకు పోదు. దాని నీరు గలిచిత్సా పర్వతపు సున్నపురాతి పగుళ్లలోంచి ఇంకి, సుమారు 150 మీటర్లు దిగువన ఉన్న ఓహ్రిద్ సరస్సు ఒడ్డున, సెయింట్ నౌమ్ మఠం దగ్గర ఊటలుగా పైకి వస్తుంది. 1980ల నుంచి పెద్ద ప్రెస్పా మట్టం తగ్గుతూ వస్తోంది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా నాసా చెప్పిన దాని ప్రకారం 1984, 2020ల మధ్య సరస్సు తన వైశాల్యంలో 7 శాతాన్ని, నీటి పరిమాణంలో దాదాపు సగాన్ని కోల్పోయింది. మంచు, వాన తగ్గడం ఒక కారణం, తోటలకు, పొలాలకు నీరు తోడడం మరో కారణం. అల్బేనియా వైపు 1970లలో దెవొల్ నది వరద నీటిని చిన్న ప్రెస్పాలోకి మళ్లించి, కొర్చా మైదానపు సేద్యానికి మళ్లీ తోడుకునే పథకం పెట్టారు. నదితో వచ్చిన ఒండ్రు పేరుకుపోయి, ఒకప్పుడు నీరు ఉన్న చోట ఇప్పుడు రెల్లు దుబ్బులు నిండాయి. అదే చిన్న ప్రెస్పాలో గ్రీసు వైపున, మన నేలపట్టులో గూడు కట్టే గూడబాతుకు దగ్గరి బంధువైన డల్మేషియన్ గూడబాతుల అతి పెద్ద స్థావరాల్లో ఒకటి ఉంది. 2022లో బర్డ్ ఫ్లూ సోకి అక్కడ వెయ్యికి పైగా పక్షులు చనిపోయినప్పుడు ఆ వార్త ప్రపంచమంతా పాకింది. వలలో చేప తగ్గిందని ఒడ్డున మొర పెట్టుకునే మనిషి వార్త అంత దూరం రాదు.

ఈ సరస్సును ఉమ్మడిగా కాపాడుకుందామని మూడు దేశాల ప్రధానమంత్రులు 2000 ఫిబ్రవరి 2న ప్రకటించారు. పదేళ్లకు, 2010లో, దానిని చట్టబద్ధమైన ఒప్పందంగా రాసుకున్నారు. అది అమల్లోకి రావడానికి 2019 వరకు పట్టింది, గ్రీసుకూ మాసిడోనియాకూ మధ్య పేరు తగువు ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి ఏ మాత్రం తోడ్పడలేదు. సరిహద్దు దాటి పాకే పురుగుమందూ, సరిహద్దు దాటి తోడే నీరూ ఏ దేశం పేరూ అడగవని తెలిసి కూడా అన్నేళ్లు కాగితం కదలకపోవడం విచారకరం.

అయ్యా, ఈ విషయంలో పత్రికలు చేయగలిగినది కొంత ఉందని నమ్ముతున్నాను. 2022 జూలైలో అల్బేనియా, ఉత్తర మాసిడోనియా రెండూ ఐరోపా సమాఖ్యతో చేరిక చర్చలు లాంఛనంగా మొదలుపెట్టాయి. అంతకు ముందు 2020లో బల్గేరియా చరిత్ర, భాషల మీద అభ్యంతరం చెప్పి ఉత్తర మాసిడోనియా దారిని అడ్డగించింది. ఇకపై కూడా ఈ చర్చల వార్తలు మన దాకా వస్తూనే ఉంటాయి. వాటిని ప్రచురించేటప్పుడు ఏ రాజధాని గెలిచింది, ఏ రాజధాని ఓడింది అన్న తీరులో కాక, మైనారిటీ చట్టానికి కావలసిన నిబంధనలు ఎంతవరకు వచ్చాయి, పుస్తెత్స్ బడిలో ఏ తరగతి వరకు మాతృభాషలో చెబుతున్నారు, వర్బ్నిక్ వంటి ఊళ్లకు ఆ బోధన ఎప్పుడు అందుతుంది, మైనారిటీల రక్షణకు ఐరోపా మండలి చేసిన ఆ ఒడంబడికను గ్రీసు ఎప్పుడు ఆమోదిస్తుంది అన్న ప్రశ్నలను కూడా మీ ప్రతినిధులు లేవనెత్తాలని కోరుతున్నాను. యాత్రా వ్యాసాల రచయితలకూ ఒక మనవి. ఓహ్రిద్ చూడడానికి వెళ్లే మన తెలుగువారు పర్వతం అవతలికి వెళ్లి, స్టెన్యే దగ్గర సరిహద్దు దాటితే, పుస్తెత్స్ మునిసిపాలిటీ ఊళ్లు మొదలవుతాయి. మాలి గ్రాద్ గుడిని చూపించడానికి పడవ కట్టే జాలరి ఇంట్లో ఒక పూట భోజనం చేసి, అక్కడి పిల్లలు బడిలో ఏమి చదువుతున్నారో అడిగి తెలుసుకుని రాస్తే, ఆ వ్యాసం మా వంటి సరిహద్దు ఊళ్ల పాఠకులకు ఎంతో ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హోసూరు